శాక్ లెక్కలోకి రాదు

నా ముందు పళ్ళు రెండు ఊడగొట్టినవాడు యాసీన్. ఆసుపత్రి కాగితంలో మాత్రం మెట్ల మీద జారిపడ్డానని రాయించాను. యాభై నాలుగేళ్ళ జీవితంలో నేను కాగితం మీద పెట్టిన అబద్ధాలు రెండే రెండు, ఇది రెండోది. మొదటిది రాయకపోతే దీనితో పని పడేది కాదు. చదివి ఎవరికైనా జాలి కలిగితే దయచేసి నా మీద పడొద్దు. పళ్ళు కట్టించుకున్నాను, అన్నం బాగానే తింటున్నాను.

నా పేరు పెద్దిరాజు, మాది భీమవరం. జెబెల్ అలీ ఫ్రీజోన్‌లో ఒక సరుకు రవాణా కంపెనీలో పదిహేడేళ్ళుగా కాగితాల పని. దుబాయ్ రాకముందు జిల్లా క్రికెట్ మ్యాచ్‌లకి స్కోరు రాసేవాడిని. అంపైరు ఏ సైగ చేసినా స్కోరరు చెయ్యెత్తి చూపించాలి. చూశాను, రాసుకున్నాను అని దానర్థం. ఆ చెయ్యి లేచేదాకా అంపైరు ఆట సాగనివ్వడు. ఎండలోనూ, దోమల్లోనూ, ఒకసారి నూట రెండు జ్వరంతోనూ కూర్చుని రాశాను గానీ ఒక్క బంతి తప్పు రాయలేదు. రాజుగారు అన్నం మెతుకులు కూడా ఓవర్లుగా లెక్కపెడతారని మా చుట్టాలు పెళ్ళిళ్ళలో ఇప్పటికీ ఆటపట్టిస్తారు.

రెండు వేల ఇరవై రెండు చలికాలంలో ఇక్కడ ఆరు టీములతో అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్ ఒకటి పెట్టారు. కాలితో తన్నే ఫుట్‌బాల్ కాదు. కోడిగుడ్డులాంటి బంతిని చంకలో పెట్టుకుని ఒకరినొకరు గుద్దుకునే ఆట. సగంమంది అమెరికా నుంచి ఉద్యోగంగా వచ్చినవాళ్ళు, మిగతావాళ్ళు ఇక్కడ దొరికినవాళ్ళు. మా టీములో మా ముదీర్‌కి, అంటే మా మేనేజరుకి, వాటా ఉంది. నేను స్కోరు రాసేవాడినని ఎవరో ఆయన చెవిన వేశారు. "క్రికెట్ రాసినవాడివి ఇది రాయలేవా, యల్లా" అని శనివారం మధ్యాహ్నాలు నన్ను మైదానం పక్కన బల్ల దగ్గర కూర్చోబెట్టాడు. రెఫరీ సైగ చేసినప్పుడల్లా నేను అలవాటుగా చెయ్యెత్తేవాడిని. వాళ్ళ ఆటలో ఆ పద్ధతి లేదు. తెల్లవాళ్ళు చూసి నవ్వేవారు, నవ్వుకోనీ అని ఎత్తుతూనే ఉండేవాడిని.

ఆ ఆటలో క్వార్టర్‌బ్యాక్ అనేవాడు టీముకి గుండెకాయ. బంతి వాడి చేతికొస్తుంది. ఎవడికి విసరాలో మూడు సెకన్లలో తేల్చుకోవాలి. ఆ మూడు సెకన్లూ నూట ఇరవై కిలోల మనుషులు నలుగురు వాడిని నేలకెయ్యడానికే పరిగెత్తుకొస్తుంటారు. బంతి చేతిలో ఉండగానే పడగొడితే దాన్ని శాక్ అంటారు. ఇంత నరకాన్నీ చివరికి ఒక్క అంకె చేస్తారు. ఎన్ని విసిరాడు, మనవాళ్ళు ఎన్ని పట్టారు, ఎన్ని గజాలు వచ్చాయి, ఎన్ని చివరి గీత దాటాయి, అవతలివాళ్ళు ఎన్ని పట్టేశారు, ఇవన్నీ ఒక సూత్రంలో వేస్తే రేటింగ్ వస్తుంది. అమెరికాలో ఆ అంకె పట్టుకునే ఫలానావాడు మొనగాడు, ఫలానావాడు దండగ అని తేల్చేస్తారట. మనవాడి చేతుల్లో పడి జారిన బంతి కూడా విసిరినవాడి తప్పే. నూట ఇరవై కిలోలు వచ్చి మీద పడ్డ సంగతి మాత్రం సూత్రంలో ఎక్కడా లేదు. నాకు ఆ సూత్రం తెగ నచ్చింది. నాకున్న జబ్బే అది.

మా క్వార్టర్‌బ్యాక్ యాసీన్. నెల్లూరువాడు, ఇరవై ఏడేళ్ళు, మా గోదాములోనే ఫోర్క్‌లిఫ్ట్ నడిపేవాడు. కాలేజీలో జావెలిన్ విసిరి రాష్ట్రం దాకా వెళ్ళాడు. కంపెనీ గ్రౌండ్‌లో శుక్రవారం క్రికెట్ ఆడుతూ బౌండరీ దగ్గర్నుంచి వాడు విసిరిన బంతి చూసి మా కోచ్ గ్రాంట్ నోరు తెరుచుకుని నిలబడిపోయాడు. లీగ్ పెట్టకముందే రెండేళ్ళు నేర్పాడు. యాభై గజాల అవతల పరిగెత్తేవాడి గుండెల మీదికి బంతి పంపేవాడు యాసీన్, పోస్టులో ఉత్తరం వేసినంత సులువుగా. అమెరికావాళ్ళని కాదని గ్రాంట్ వాడిని ఆడించాడు. ముదీర్ మాత్రం ఒక మాట పెట్టాడు. ఎనిమిది మ్యాచ్‌లు అయ్యాక రేటింగ్ తొంభై ఉంటే రెండేళ్ళకి కాంట్రాక్ట్, తగ్గితే ఖలాస్, వెనక్కి ఫోర్క్‌లిఫ్ట్ ఎక్కమన్నాడు.

మూడు మ్యాచ్‌లయ్యేసరికి యాసీన్ రేటింగ్ ఎనభై మూడు. ఆ సోమవారం పని దిగాక కఫెటేరియా బయట నన్ను పట్టుకున్నాడు. ఇద్దరం టీ తీసుకుని నిలబడ్డాం.

"రాజన్నా, అందరూ బాగా ఆడుతుండావంటారు. నంబరేమో లెయ్యదే. ఏం తప్పు చేస్తుండా నేను?"

"బంతి పారేస్తున్నావురా అబ్బాయ్. మీదికి నలుగురు రాగానే గీత అవతలికి విసిరేస్తున్నావా, అవన్నీ విసిరినా ఎవరూ పట్టని బంతుల కింద రాయాలి నేను. మ్యాచ్‌కి ఐదారు పోతున్నాయి నీకు."

"పారెయ్యకపోతే ఏసేస్తారు గదన్నా."

"వెయ్యనీ. వేస్తే ఏవవుద్ది? శాక్ లెక్కలోకి రాదు. బంతి గుండెకి హత్తుకుని పడిపో. అది విసిరినట్టే కాదు, నీ రేటింగ్‌కి చీమ కుట్టినట్టు కూడా ఉండదు."

వాడు గ్లాసు పట్టుకుని నా మొహం చూస్తూ నిలబడ్డాడు. నేను ఇంకా రెచ్చిపోయాను. మా జిల్లాలో ఒక బ్యాట్స్‌మన్ చివర్లో దిగి నాటౌట్‌గా మిగిలి మిగిలి సగటు యాభైకి తెచ్చుకున్న కథ చెప్పాను. ఆటని లెక్కలోంచి చూడాలన్నాను. తెలివైనవాడు పరుగులతో పాటు సూత్రాన్ని కూడా ఆడతాడన్నాను. నా టీ చల్లారిపోయింది. క్రికెట్‌లో నాటౌట్‌గా మిగిలినవాడు నడిచి ఇంటికెళతాడు. ఆ తేడా నాకు తట్టలేదు. పదిహేనేళ్ళు స్కోరు రాసిన తలకాయకి ఆ ఒక్కటే తట్టలేదు.

"నువ్వు దేవుడివన్నా" అన్నాడు యాసీన్.

నాలుగో మ్యాచ్‌లో మొదటి శాక్ నాకు బాగా గుర్తు. ఎడమ పక్క నుంచి వచ్చినవాడు భుజం దించి యాసీన్ పక్కటెముకల్లోకి దూరాడు. తలుపు విరిగినట్టు చప్పుడైంది. మామూలుగా అయితే ఆ బంతి ఎప్పుడో గీత దాటి ఉండేది. ఈసారి యాసీన్ దాన్ని రెండు చేతులతో పొట్టకి అదుముకుని వెల్లకిలా పడ్డాడు. మీద ఇంకో ఇద్దరు పడ్డారు. లేచి, ముందు మా బల్ల వైపు చూశాడు. రెఫరీ సైగ చేశాడు, నేను చెయ్యెత్తాను. రాసుకున్నాను, లెక్కలోకి రాదు. వాడు నవ్వాడు. పళ్ళ మీద రక్తం ఉంది. నేనూ నవ్వాను, సిగ్గు లేకుండా.

ఆ రోజు ఏడు శాక్‌లు. రేటింగ్ ఎనభై ఏడు. ఐదో మ్యాచ్‌లో తొమ్మిది, రేటింగ్ ఎనభై తొమ్మిది. చిటికెన వేలు వెనక్కి వంగి చర్మం చీల్చుకుని ఎముక బయటికొచ్చింది. టేపు చుట్టించుకుని తర్వాతి బంతికే దిగాడు. గ్రాంట్ గీత దగ్గర నిలబడి "పారెయ్, బయటికి పారెయ్" అని గొంతు చించుకునేవాడు. వీడికి భయం లేదో, బుర్ర లేదో ఆయనకి అర్థమయ్యేది కాదు. నాకు మాత్రం అర్థమయ్యేది. పడ్డ ప్రతిసారీ యాసీన్ గడ్డిలోంచి తలెత్తి నా చెయ్యి కోసం వెతికేవాడు. నేను ఎత్తేవాడిని. అవతలి టీములకి కూడా తెలిసిపోయింది, వీడు బంతి వదలడు, ఎంత గట్టిగానైనా కొట్టొచ్చు అని. పరిగెత్తే దూరం పెంచుకుని మరీ వచ్చేవారు. హెల్మెట్‌తో గడ్డం కింద పొడిచేవారు. పడ్డాక మోచేయి గొంతు మీద పెట్టి లేచేవారు.

ఆరో మ్యాచ్‌లో ఒక దెబ్బ తర్వాత యాసీన్ లేచి, తిన్నగా నడుచుకుంటూ వెళ్ళి అవతలి టీము గుంపులో నిలబడ్డాడు. వాళ్ళు నవ్వి వెనక్కి తిప్పారు. మైదానం డాక్టర్ వచ్చి, ఇవాళ ఏ వారం, ఎవరితో ఆడుతున్నావు, ఎక్కడున్నావు అని అడిగాడు. యాసీన్ తల వంచి ఎడమ మణికట్టు పట్టీ చూసుకున్నాడు. క్వార్టర్‌బ్యాక్‌లు ఆ పట్టీలో వేయాల్సిన ఎత్తులు రాసుకుంటారు, ఎవరూ అనుమానించరు. తర్వాత మూడింటికీ టకటకా జవాబు చెప్పాడు. డాక్టర్ భుజం తట్టి పంపేశాడు.

నాకు ఎక్కడో కలుక్కుమంది. అబద్ధం ఎందుకు, కలుక్కుమంది. కానీ రేటింగ్ ఆ రోజు తొంభై దాటింది, నేను దాన్ని రెండోసారి లెక్క వేసి చూసుకుంటున్నాను.

ఎనిమిదో మ్యాచ్ జనవరి చివర, అబుదాబి టీముతో. వాళ్ళలో తొంభై ఏడో నంబరువాడొకడున్నాడు, మెడా తలా ఒకటే. మొదటి గంటలోనే యాసీన్‌ని ఐదుసార్లు నేలకేశాడు. ఒకసారి కాళ్ళు పట్టి గాల్లోకి ఎత్తి తల కిందుగా వేశాడు. మైదానం అవతల నుంచి చూసేవాళ్ళు కేకలేశారు. ఆ కేకల్లో ఒక ఆడగొంతు మాత్రం ఏడుపు. అది యాసీన్ భార్య పర్వీన్‌ది. ఒక క్లినిక్‌లో నర్సు ఆ పిల్ల, మ్యాచ్‌కి రావడం అదే మొదటిసారి.

ఆఖరి పావువంతు ఆటకి ముందు యాసీన్ మా బల్ల దగ్గరికి వచ్చాడు. ఒక కన్ను మూసుకుపోయింది. చెవిలోంచి సన్నగా రక్తం కారి మెడ మీద ఎండింది.

"ఎంతన్నా?"

"తొంభై పాయింట్ నాలుగు. నూట ఎనభై విసిరావు, నూట పదిహేడు పట్టారు. ఒరేయ్, ఇంక చాలు, కాలు పట్టేసిందని కూర్చో."

"కూచుంటే మెడికల్ అన్‌ఫిట్ అంటారన్నా. ఇంక ఇసరను. పడతానంతే." అని వెళ్ళబోయి ఆగి, "ఎంతన్నావన్నా?" అని మళ్ళీ అడిగాడు.

మళ్ళీ చెప్పాను. తర్వాత వాడు ఒక్క బంతి విసరలేదు. వచ్చినవి వచ్చినట్టు పరిగెత్తేవాళ్ళకి అందించాడు, గ్రాంట్ విసరమన్నప్పుడల్లా బంతి అదుముకుని పడ్డాడు. రెండు, మూడు, నాలుగు. నా చెయ్యి లేస్తోంది, దిగుతోంది. ఆట ఆరు సెకన్లలో అయిపోతుందనగా మా టీము పద్నాలుగు పాయింట్లు వెనకబడి ఉంది. ఆ బంతితో ఎవరికీ పనిలేదు. తొంభై ఏడో నంబరువాడికి మాత్రం ఉన్నట్టుంది. యాసీన్ వెనక్కి తిరిగి చూసే లోపల వాడు వెన్ను మధ్యలో తగిలాడు. యాసీన్ మెడ వెనక్కి విరుచుకుంది. హెల్మెట్ ఊడి దొర్లింది. మోకాలు నేలకి కొట్టుకుంది, ఆ తర్వాత చెయ్యి ముందుకు విసురుగా లేచింది, బంతి దొర్లిపోయింది. వాడు ఉత్త తలతో గడ్డిలో మొహం పెట్టి పడ్డాడు. తొంభై ఏడో నంబరువాడు లేస్తూ లేస్తూ ఆ తల మీదే చెయ్యి ఆన్చాడు.

ఆఖరి విజిల్ మోగింది. అబుదాబివాళ్ళు గంతులేస్తూ మైదానంలోకి వచ్చేశారు, రెఫరీ ఆ బంతి విసిరిందో శాకో తేల్చకుండానే వెళ్ళిపోయాడు. యాసీన్ తల పక్కకి తిప్పాడు. ఒక్క కన్నుతో మా బల్ల కోసం వెతికాడు. నోట్లోంచి రక్తం బుడగలు వస్తున్నాయి. నా చెయ్యి కోసం చూస్తున్నాడు.

నా చెయ్యి లేవలేదు. నేనే చంపుతున్నాను వీడిని, కూర్చున్నచోటు నుంచి కదలకుండా, పెన్ను పట్టుకుని, అనిపించింది. వాడు చూసి చూసి కన్ను మూశాడు. స్ట్రెచర్ వచ్చింది.

సాయంత్రం ఆసుపత్రి వరండాలో పర్వీన్ నా దగ్గరికి వచ్చింది. చేతిలో యాసీన్ మణికట్టు పట్టీ ఉంది, కత్తెరతో కోసి తీశారు.

"మీరు చదవండి రాజన్నా. ఆ దొరలకి చదవను రాదుగా, అందుకే తెలుగులో రాసుకున్నాడు."

ఆట ఎత్తుల కాగితం కింద ఇంకో కాగితం ఉంది. వాడు నెల్లూరులో తెలుగు మీడియం చదివాడు, గుండ్రటి అక్షరాలు. ఈరోజు శనివారం. ఇది జెబెల్ అలీ. ఆట అబుదాబితో. దాని కింద ఇంకో వరస కొత్త సిరాతో ఉంది: నా పేరు యాసీన్.

పట్టీ మడిచి ఆమె చేతిలో పెట్టాను.

"డాక్టర్‌కి చూపించావా అమ్మా?"

"చూపించా. రెండు వారాలు రెస్ట్, తర్వాత ఆడుకోవచ్చన్నాడు. టీము డాక్టరే గదా. మా క్లినిక్‌లో పెద్దాయన్ని అడిగితే ఇంకో పెద్ద దెబ్బ తగిల్తే మనిషి మిగలడన్నాడు. నేను నర్సుని, నేను చెప్తే ఈయన వినడు. బతిమాల్నా, కాళ్ళు పట్టుకున్నా. పొద్దస్తమానం మీ నంబరే. మీ నంబరు చెప్తే వింటాడన్నా."

వాడికి ఆ తెలివి నేర్పింది నేనేనని ఆమెకి తెలుసో లేదో నాకు తెలియదు. నేను చెప్పలేదు. అంత ధైర్యం లేదు.

రెఫరీ తేల్చని బంతిని వీడియో చూసి స్కోరరే తేల్చాలని లీగ్ నియమం. ఆదివారం పొద్దున ఆఫీసు కంప్యూటర్‌లో ఆ ఆరు సెకన్లు ఆపి ఆపి చూశాను. అనుమానమే లేదు. మోకాలు ముందు తగిలింది, చెయ్యి తర్వాత లేచింది. ఆ ఆటలో మోకాలు నేలకి తగిలితే అక్కడికి ఆట ఆగినట్టే, తర్వాత చెయ్యి ఊపినా విసిరినట్టు కాదు. అది శాక్. గుడ్డివాడికి కూడా శాక్. రాస్తే తొంభై పాయింట్ నాలుగు, మార్చిలో మళ్ళీ ట్రైనింగ్, మళ్ళీ తొంభై ఏడో నంబరువాడు. మణికట్టు పట్టీలో ఈసారి ఇంకేం రాసుకుంటాడో, ఎన్ని వరసలు రాసుకుంటాడో.

విసిరాడు, ఎవరూ పట్టలేదు అని రాశాను. నూట ఎనభై ఒకటి, నూట పదిహేడు. ఎనభై తొమ్మిది పాయింట్ తొమ్మిది. సంతకం పెట్టాను. ముప్పై ఏళ్ళు కాపాడుకున్న పేరు పోయినందుకు ఏడ్చాను కూడా, దాచడం దేనికి. ముదీర్ సూత్రం తప్ప మనిషిని చూసేరకం కాదు. సోమవారమే గ్రాంట్ చేత యాసీన్‌కి ఖలాస్ చెప్పించాడు.

మంగళవారం పొద్దున పదింటికి యాసీన్ నా గదిలోకి వచ్చాడు. కాగితాల గది, ఒక బల్ల, దాని పక్కన ఇనప బీరువా. తలకి కట్టు ఉంది. చేతిలో ఫోన్, అందులో ఆ వీడియో.

"మోకాలు ముందు తగల్లేదా అన్నా?" అన్నాడు. గొంతు నెమ్మదిగానే ఉంది.

"తగిలింది."

"మరి?"

"నేనే తప్పు రాశాను. కావాలనే రాశాను."

"తప్పు పడుంటాదిలే అనుకున్నా. కావాలనా? నా ఎముకలన్నీ నీ మాట మీద ఇరగ్గొట్టుకున్నా గదన్నా. పడమన్నావు, పడ్డా. లెక్కలోకి రాదన్నావు. చెయ్యెత్తి చూపించావే, ప్రతిసారీ చూపించావే!"

నేను లేచి నిలబడ్డాను. బల్ల చుట్టూ తిరిగి వచ్చి బీరువాకి వీపు పెట్టి వాడికి ఎదురుగా నించున్నాను, కొడితే కొట్టనీ అని. వాడి కుడిచెయ్యి వెనక్కి వెళ్ళడం చూశాను. జావెలిన్ విసిరిన చెయ్యి అది. కళ్ళు మూసుకున్నాను.

ఢాం అని చెవి పక్కన బీరువా మోగింది.

కళ్ళు తెరిచాను. నాకూ వాడికీ మధ్య రెండడుగుల దూరం లేదు. వాడి పిడికిలి నా చెవికి జానెడు పక్కన, బీరువా తలుపులో దిగి ఉంది. రేకు లోపలికి పోయింది, వేళ్ళ కణుపులు చితికి రక్తం కారుతోంది. వాడు దాన్ని చూస్తున్నాడు. నా వైపు చూశాడు, మళ్ళీ బీరువా వైపు చూశాడు. పసివాడిలా బిత్తరపోయాడు. కోపంతో కాదు, భయంతోనే అనుకుంటాను, రెండోసారి తడుముతున్నట్టు కొట్టాడు. అది నా నోటికి తగిలింది. పళ్ళు ఊడింది అప్పుడే. నేను బల్ల అంచుకి కొట్టుకుని కింద పడ్డాను.

పక్క గదివాళ్ళు పరిగెత్తుకొచ్చి వాడిని పట్టుకున్నారు. వాడు పెనుగులాడలేదు. నిలబడినచోటే నిలబడి, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు, "ఇద్దరు కనపడుతుండారన్నా నాకు. నువ్వు ఇద్దరుండావు. ఏ రాజన్నని కొట్టాల్నో తెలవలేదు" అన్నాడు. అని కింద పడి ఉన్న నా వైపు, గడ్డిలోంచి చూసినట్టే, వెతుక్కుంటూ చూశాడు.

నోటి నిండా రక్తం, మాట రాలేదు. అక్కడే నేల మీద ఉండి చెయ్యెత్తాను.